వీధుల పేర్లు, బహిరంగ స్థలాల చట్టాలు: అమరావతి, పల్నాడు

వీధికి పేరు పెట్టడం, ఆ వీధి నలుగురికీ మిగిలేలా చూడటం స్థానిక సంస్థల విధులు. చట్టం ఈ రెంటినీ వేరువేరు అరల్లో పెట్టింది. పేరు సంగతి మునిసిపల్ చట్టంలో రెండు మూడు వాక్యాలతో తేలిపోతుంది. స్థలం సంగతి 1884 నాటి నదుల పరిరక్షణ చట్టం మొదలు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం దాకా చెల్లాచెదురుగా పడి ఉంది. ఊళ్ళో మాత్రం రెండూ ఒకే పని. నాలుగు రోడ్లు కలిసేచోట రాత్రికి రాత్రి ఒక దిమ్మె లేస్తుంది. వారం తిరక్కుండా దాని మీద విగ్రహం నిలబడుతుంది. నెల గడిచేసరికి ఆటోవాళ్ళు ఆ సెంటర్‌ను విగ్రహం పేరుతో పిలుస్తుంటారు. తీర్మానం లేని నామకరణం, అనుమతి లేని ఆక్రమణ ఒకే సిమెంటు పనితో అయిపోతాయి.

ఈ వ్యాసం పల్నాడు జిల్లాలోని అమరావతిని, దాని పేరు పెట్టుకున్న రాజధానిని, వాటి చుట్టుపక్కల పట్టణాలను ఆధారం చేసుకుని ఆ చట్టాలను పరిచయం చేస్తుంది.

ఒకే పేరు, రెండు ఊళ్ళు

అమరావతి అంటే ఇప్పుడు రెండు చోట్లు. మొదటిది కృష్ణ ఒడ్డున అమరేశ్వరాలయం, బౌద్ధ స్తూపం ఉన్న పాత ఊరు. పంచారామాల్లో ఒకటి. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లాను విడగొట్టినప్పుడు ఈ మండలం నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలోకి వచ్చింది. రెండోది దానికి తూర్పున, నది దిగువన, తుళ్ళూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లో 217 చదరపు కిలోమీటర్ల మేర గీసిన రాజధాని నగరం. అది గుంటూరు జిల్లాలో ఉంది. 2015లో దానికి అమరావతి అని పేరు పెట్టారు. ఆ ఏడాది అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది.

ఊళ్ళ పేర్లు మార్చేటప్పుడు రాష్ట్రాలు పాటించాల్సిన పద్ధతిని కేంద్ర హోం శాఖ 1953 సెప్టెంబరు 11 నాటి లేఖలో చెప్పింది. చరిత్ర ఉన్న పేర్లను కదపవద్దని, కేవలం ప్రాంతాభిమానంతోనో భాషాభిమానంతోనో మార్చవద్దని, మార్చి కొత్త పేరు పెట్టేటప్పుడు అదే పేరుగల ఊరు రాష్ట్రంలో, చుట్టుపక్కల లేకుండా చూసుకోవాలని అందులో ఉంది. రాజధాని విషయంలో జరిగింది పేరు మార్పు కాదు, కొత్త నగరానికి కొత్తగా పేరు పెట్టడం. కాబట్టి ఆ లేఖ దానికి అడ్డు రాలేదు. అయితే లేఖ రాసినవాళ్ళు ఊహించిన తికమక మాత్రం వచ్చింది. అమరావతి వెళ్ళాలని గుంటూరు బస్టాండులో అడిగితే, గుడికా సచివాలయానికా అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు. మహారాష్ట్రలోని అమరావతి సంగతి సరేసరి.

రెండు ఊళ్ళకూ చట్టాలు కూడా వేరు. పాత అమరావతి గ్రామ పంచాయతీ. దాని వీధులు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం కింద ఉన్నాయి. రాజధానికి 2014 డిసెంబరు 30న అమల్లోకి వచ్చిన రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్డీఏ) చట్టం ఉంది. రాజధానిలోని పల్లెలను మునిసిపాలిటీ చేయాలని 2022లో ప్రభుత్వం ప్రతిపాదన పంపితే, 29 గ్రామాలనూ విడదీయకుండా ఒకటిగా ఉంచాలంటూ గ్రామసభలు దాన్ని తిప్పికొట్టాయి. ఎవరి వీధికి ఎవరు పెద్ద అన్న తగవు అక్కడ రోడ్లు పూర్తికాకముందే మొదలైంది.

వీధికి ముందు ఊరు

వీధిని పాడు చేసినవాడికి జరిమానా వేయడం ఇంగ్లీషువాళ్ళు తెచ్చిన అలవాటు కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం నగర పాలన చెప్పేచోట, వీధిలో మట్టి పోస్తే పణంలో ఎనిమిదో వంతు, బురదనీరు నిలిచేలా చేస్తే పావు పణం, అదే రాజమార్గం మీదైతే రెట్టింపు అని లెక్క కట్టింది. అమరావతికి పాత పేరైన ధాన్యకటకం కూడా వీధులు, వర్తకులు ఉన్న పట్టణమే. స్తూపానికి రాళ్ళు ఇచ్చిన దాతల శాసనాల్లో నిగమం అనే మాట వస్తుంది. అది వర్తకుల సంఘమో, వాళ్ళుండే పట్టణమో, రెండూనో అని పండితులు చర్చిస్తుంటారు. ఈ ప్రాంతంలో పౌర సంస్థకు దొరికే పాత ఆనవాళ్ళలో ఇదొకటి.

ఇప్పుడున్న ఊరు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు వేసింది. 1790ల్లో ఆయన తన రాజధానిని చింతపల్లి నుంచి ఇక్కడికి మార్చి కొత్త పట్టణం కట్టించాడు. కట్టడానికి ఇటుక, రాయి కావాలి. పక్కనే దీపాలదిన్నె అని జనం పిలిచే పెద్ద మట్టిదిబ్బ ఉంది. తవ్వితే సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. 1798 ప్రాంతంలో కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికి స్తూపం శిథిలాలు ఊరి కట్టడాల్లో కలిసిపోతున్నాయి. మిగిలిన శిల్పాల్లో ఎక్కువ భాగం తర్వాత చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి, లండన్ బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఒక బహిరంగ స్థలాన్ని తవ్వి మరో ఊరి బహిరంగ స్థలాలు కట్టిన కథ ఇది.

ఇప్పుడా దిన్నె చుట్టూ గట్టి చట్టమే ఉంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. ఒకప్పుడు స్తూపం ఇటుకలతో ఊరు కట్టుకున్నచోట, స్తూపం దగ్గరి ఇంటికి ఒక గది వేసుకోవాలన్నా పురావస్తు శాఖ వైపు చూడాలి. 2015 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన హృదయ్ పథకంలో 12 వారసత్వ నగరాలను ఎంచుకుంటే, వారణాసి, అమృత్‌సర్‌ల పక్కన ఈ గ్రామ పంచాయతీ కూడా నిలిచింది. 2019 మార్చితో ఆ పథకం ముగిసింది.

లైను, అడ్డరోడ్డు, పేట

మునిసిపల్ పాలన వచ్చాక వీధి పేరు ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కింది. గుంటూరు 1866లో, విజయవాడ 1888లో, నరసరావుపేట 1915లో మునిసిపాలిటీలయ్యాయి. మద్రాసు రాష్ట్రంలో 1884లో వచ్చి, 1920లో తిరగరాసిన జిల్లా మునిసిపాలిటీల చట్టమే తర్వాత ఈ పట్టణాల పాలనకు ఆధారమైంది. అందులోని సూత్రం సులువైనది. కొత్త వీధికి కౌన్సిల్ పేరైనా నంబరైనా ఇవ్వాలి. ఉన్న పేరు మార్చాలంటే మాత్రం ప్రభుత్వ ఆమోదం ఉండాలి. పేరు పలకను కనబడేచోట తగిలించాలి, దాన్ని ఎవరైనా పీకినా చెరిపినా శిక్ష. ఆంధ్రప్రదేశ్ 1965లో తన మునిసిపాలిటీల చట్టం చేసుకున్నప్పుడు ఈ సంప్రదాయాన్నే అందుకుంది. నగర పాలక సంస్థలకు 1955 నాటి హైదరాబాద్ చట్టం నమూనా అయింది. పెట్టడం తేలిక, మార్చడం కష్టం అన్నదే దీని వెనక ఉద్దేశం. తపాలా, పన్ను, దస్తావేజు అన్నీ పేరు మీదే నడుస్తాయి కాబట్టి అది సబబే.

గుంటూరు ఈ విషయంలో ముచ్చటైన నమూనా. బ్రాడీపేట, అరండల్‌పేట అని పేటలకు బ్రిటిష్ అధికారుల పేర్లు పెట్టారు, లోపలి వీధులకు మాత్రం వట్టి అంకెలు. నిలువు వీధి లైను, అడ్డం వీధి అడ్డరోడ్డు. బ్రాడీపేట 4/14 అని చిరునామా ఇస్తే 4వ లైను, 14వ అడ్డరోడ్డు అని ఊరివాళ్ళకు చటుక్కున తెలుస్తుంది. న్యూయార్కులోని మన్‌హాటన్‌కు 1811లో వేసిన వీధుల ప్రణాళిక పనిచేసేది కూడా ఇలాగే. ఆ నగరం పేరు చెప్పగానే అందరూ మెచ్చుకుంటారు గానీ, బ్రాడీపేటను అలా ఎవరూ మెచ్చుకోగా వినలేదు.

అంకెలున్న ఊళ్ళో కూడా కూడళ్ళకు పేర్లు పెట్టేది జనమే. శంకర్ విలాస్ సెంటర్ పేరు ఒక హోటలుది, లాడ్జి సెంటర్ సంగతి పేరులోనే ఉంది. కోస్తాలో సెంటర్ అన్న మాటకు చౌరస్తా, కూడలి అన్నవి ఇంతవరకు పోటీ రాలేకపోయాయి. విజయవాడ ఏలూరు రోడ్డు కాగితాల్లో కార్ల్ మార్క్స్ రోడ్డు, బందరు రోడ్డు మహాత్మాగాంధీ రోడ్డు. కమ్యూనిస్టులైనా కాంగ్రెసువాళ్ళయినా బస్సెక్కి టికెట్టు అడిగేది ఏలూరు రోడ్డుకు, బందరు రోడ్డుకే. ఒక రోడ్డు ఎక్కడికి వెళ్తుందో చెప్పే పేరు ఏ నాయకుడి పేరుకూ తేలిగ్గా చోటివ్వదు. బీసెంట్ రోడ్డుకు ఆ ఇబ్బంది లేదు. అది ఎక్కడికీ పోయే రోడ్డు కాదు, బజారు. అందుకే అనీబీసెంట్ పేరు దానికి హాయిగా అతుక్కుపోయింది.

పేరు ఉద్రేకంగా మారిన సందర్భం గుంటూరులోనే ఉంది. మహాత్మాగాంధీ రోడ్డు మీద ఆరు స్తంభాల గుమ్మటం ఒకటుంది, స్వాతంత్ర్యానికి ముందు కట్టింది, జిన్నా టవర్ అంటారు. దేశ విభజన దాటి, ఏడు దశాబ్దాలకు పైగా ఆ పేరుతో అది అలాగే నిలిచింది. 2021 చివర్లో పేరు మార్చాలన్న డిమాండ్ పెరిగింది. 2022 జనవరి 26న అక్కడ జెండా ఎగరేయబోయినవాళ్ళను పోలీసులు ఆపారు. ఫిబ్రవరి మొదటివారంలో టవర్‌కు మూడు రంగులు వేసి, జెండా ఎగరేశారు. పేరు ముట్టుకోలేదు, రంగు మార్చారు. చట్టంలో ఇలాంటి పరిష్కారానికి చోటు లేదు, ఊరి లౌక్యంలో ఉంది.

జిల్లా పేర్లకు 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ఉంది. దాని కింద ముందు ప్రాథమిక ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు విని, తర్వాతే ఖరారు చేయాలి. పల్నాడు ఆ దారిలోనే వచ్చింది. కోనసీమకు అంబేడ్కర్ పేరు చేరుస్తూ 2022 మే 18న ఇచ్చిన ప్రకటన మీద మే 24న అమలాపురం తగలబడింది. ఆగస్టులో పేరు ఖరారైంది.

కుల నామాల సంగతి మన రాష్ట్రంలో ఇంకా చర్చకు రావలసినంతగా రాలేదు. తమిళనాడులో 1970ల చివర ఎం.జి.ఆర్. ప్రభుత్వం వీధి పేర్ల చివర కులం తీసేయమంది. గోపతి నారాయణస్వామి చెట్టి పేరిట ఉన్న జి.ఎన్. చెట్టి రోడ్డు పలకల మీద జి.ఎన్. రోడ్డయింది. ఆ ఇంటిపేరు లాంటి మాట తీస్తే మనిషి ఎవరో తెలియకుండా పోతుందన్న విమర్శ అప్పుడే వచ్చింది. 2025 అక్టోబరులో ఆ రాష్ట్రం మళ్ళీ ఉత్తర్వు ఇచ్చింది. మహారాష్ట్ర 2020 డిసెంబరులో ఇలాంటి నిర్ణయమే తీసుకుంది. మన పల్లెల్లో మాత్రం కులం పేరున్న వాడలు, పాలేలు చిరునామాగా నడుస్తూనే ఉన్నాయి. పలక మీద రాయనంత మాత్రాన అవి లేనట్టు కాదు.

గ్రామకంఠం, డొంక, పోరంబోకు

పాత అమరావతి లాంటి పంచాయతీలో వీధి పేరు కంటే వీధి ఎవరిదన్నదే అసలు ప్రశ్న. ఇళ్ళున్న భాగం గ్రామకంఠం. పొలాల మధ్య బండ్లు పోయే బాట డొంక. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 53వ సెక్షను ఊళ్ళోని ప్రజా రహదారులను పంచాయతీకి అప్పగించింది. 58వ సెక్షను పశువుల మేత బీళ్ళు, కళ్ళాలు, శ్మశానాలు, పశువులూ బండ్లూ నిలిపే చోట్లు, తోపులు పంచాయతీ పరం చేసింది. ఆ జాబితా చదివితే ట్రాక్టరు రాని కాలపు ఊరు కళ్ళకు కడుతుంది. బండ్లు పోయాయి, వాటిని నిలిపే స్థలం రికార్డుల్లో ఉంది. నేల మీద అక్కడ ఇప్పుడు ఏముందో వెళ్ళి చూడాలి.

ఆక్రమణకు అడ్డుకట్టగా 1905 నాటి భూ ఆక్రమణ చట్టం ఉంది. రోడ్లు, సందులు, వంతెనలు, కాలవగట్లు, ఏటి గర్భాలు ప్రభుత్వానివని అది మొదట్లోనే చెబుతుంది. ఆక్రమించినవాడికి బీ మెమో ఇచ్చి, శిస్తు, జరిమానా వసూలు చేసి, తర్వాత ఖాళీ చేయించాలి. ఆచరణలో ఆ మధ్య మెట్టు దగ్గరే బండి ఆగిపోతుంది. జరిమానా కట్టిన రసీదును ఆక్రమణదారు ఇరవై ఏళ్ళు భద్రంగా దాచుకుని, ఇదిగో నా అనుభవానికి రుజువు అని చూపిస్తాడు. తప్పుకు వేసిన శిక్ష హక్కు పత్రమవుతుంది. ఉమ్మడి భూముల ఆక్రమణలను క్రమబద్ధం చేసే అలవాటును సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా తప్పుబట్టి, వాటిని గ్రామానికి తిరిగి స్వాధీనం చేయించమని రాష్ట్రాలకు చెప్పింది. 2020లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం, ఆ ఏడాది డిసెంబరు 21న మొదలైన రాష్ట్ర రీసర్వే గ్రామకంఠాలను డ్రోన్‌తో కొలిచే పని పెట్టుకున్నాయి. అంతకుముందు గ్రామకంఠమంతా ఒకే సర్వే నంబరు. ఇల్లు ఎక్కడ ఆగి వీధి ఎక్కడ మొదలవుతుందో పటంలో గీత ఉండేది కాదు. అరుగు వీధిలోకి జరగడానికి అదొక సదుపాయం.

గుడి బజారులో కొబ్బరికాయలు, పూలు, గాజులు అమ్మేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. 2014 మే 1న అమల్లోకి వచ్చిన వీధి వ్యాపారుల చట్టం సర్వే చేయకుండా, గుర్తింపు పత్రం ఇవ్వకుండా ఎవరినీ లేపకూడదంటుంది. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతం మంది వ్యాపారులే ఉండాలని, వాళ్ళలో మూడో వంతు మహిళలని, జనాభాలో 2.5 శాతం దాకా వ్యాపారులకు చోటు చూపాలని చెబుతుంది. కానీ చట్టంలోని నిర్వచనం నగరాలు, పట్టణాలు, నగర పంచాయతీల చుట్టూ తిరుగుతుంది. నరసరావుపేటలో తోపుడు బండికి ఆ రక్షణ ఉంది, గురజాల, దాచేపల్లి నగర పంచాయతీలయ్యాయి కాబట్టి అక్కడా ఉంది. అమరావతి గ్రామ పంచాయతీ. ఇక్కడి లెక్క ఆశీలుది. పంచాయతీ వేలం వేస్తుంది, పాడుకున్నవాడు రోజువారీ వసూలు చేసుకుంటాడు. మహాశివరాత్రికి ఊరు నిండిపోయినప్పుడు ఎవరి దుకాణం ఎక్కడుండాలో చాలావరకు తేల్చేది ఆ పాటే.

అక్షరాలూ అంకెలూ ఉన్న రాజధాని

రాజధానిలో పని తలకిందులుగా మొదలైంది. ముందు రోడ్లు గీశారు, మనుషులు తర్వాత వస్తారు. ఇంగ్లీషు అక్షరాలతో, తూర్పు పడమరగా పోయేవి ‘ఈ’ రోడ్లు, ఉత్తర దక్షిణంగా పోయేవి ‘ఎన్’ రోడ్లు. ఈ3, ఈ8, ఎన్9 అని వాటికి గుర్తులు. ఈ3కే సీడ్ యాక్సెస్ రోడ్డు అని ఇంకో పేరు. పత్రికలు, ఇంజనీర్లు, డ్రైవర్లు అందరూ ఆ ఇంగ్లీషు మాటే వాడుతున్నారు. విత్తన రోడ్డు అని తెనిగించబోతే నవ్వులాట అయ్యేది కాబోలు. ఒకప్పుడు నగరాన్ని తొమ్మిది నగరాలుగా ఊహించి పాలన, న్యాయ, విజ్ఞాన, ఆరోగ్య నగరాలని తెలుగు పేర్లే చెప్పారు. వీధుల దాకా వచ్చేసరికి భాష అక్షరానికీ అంకెకూ కుదించుకుపోయింది. చండీగఢ్‌లో 13వ సెక్టారు లేకుండా అంకెలు వేశారు. ఇక్కడ అలాంటి శంకలేవీ అడ్డురాలేదు.

రోడ్డు కిందకు వచ్చిన నేలకు పేర్లు లేకపోలేదు. ఆ పేర్లు పొలానివి, చెరువువి, డొంకవి. 2015 నాటి భూసమీకరణ నిబంధనల కింద 34 వేల ఎకరాలకు పైగా రైతులు ఇచ్చారు. మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, నీటి వసతి ఉన్న జరీబుకు 1,000, 450 గజాలు తిరిగి ఇవ్వాలన్నది ఒప్పందం. దానితోపాటు పదేళ్ళ కౌలు. సీఆర్డీఏ చట్టం 53వ సెక్షను ప్రకారం ఇలా సమీకరించిన నేలలో కనీసం 10 శాతం పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ జాగాలకు, 30 శాతం రోడ్లు, ఇతర వసతులకు, 5 శాతం బడులు, ఆస్పత్రుల వంటి వాటికి, మరో 5 శాతం పేదల ఇళ్ళకు విడిచిపెట్టాలి. పల్నాడు మునిసిపాలిటీల్లో నేలలో పదో వంతు ఇలా ఖాళీగా కనబడటం అరుదు. ఇక్కడ అది ముందే కాగితం మీద ఖాయమైంది. తన ప్లాటు పక్కన పార్కు వస్తుందని రైతుకు పటంలో తెలుసు. ఆ పార్కులో చెట్టు ఎప్పుడు మొలుస్తుందో మాత్రం ఏళ్ళ తరబడి తెలియలేదు. 2019లో ఆగిన పనులు 2024 తర్వాత మళ్ళీ మొదలయ్యాయి, 2025 మే 2న ప్రధాని పునఃప్రారంభించారు.

ప్రైవేటు లేఅవుట్లకూ ఈ 10 శాతం నియమం ఉంది. రోడ్లను, ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు దానపత్రం రాసి ఇస్తేనే లేఅవుట్ ఖరారవుతుంది. ఆ ఖాళీ జాగాను తర్వాత గుడికో, కమ్యూనిటీ హాలుకో, నీళ్ళ ట్యాంకుకో మళ్ళించే అలవాటుకు 1991లోనే సుప్రీంకోర్టు బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో జవాబిచ్చింది. పార్కుకని వదిలిన చోట ఆస్పత్రి కట్టడం కూడా చెల్లదంది. ఆస్పత్రి మంచిదే, చోటు అది కాదని తాత్పర్యం.

ప్రభుత్వమే తప్పు చోట కట్టిందన్న మాట ఈ ప్రాంతంలోనే పెద్ద వార్తయింది. ఉండవల్లి కరకట్ట మీద కట్టిన ప్రజావేదిక అనే ప్రభుత్వ సమావేశ మందిరాన్ని 2019 జూన్ 25 రాత్రి నుంచి కూల్చేశారు. అది నది పరిరక్షణ నిబంధనలకు విరుద్ధమని ప్రభుత్వం కారణం చెప్పింది. ఆ కరకట్ట మీద ఇంకా ఏమేం ఉన్నాయన్న చర్చ అక్కడితో ఆగలేదు.

దిమ్మెలు, ఫ్లెక్సీలు

కేరళలో ఒక విగ్రహం మీద వచ్చిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఒక ఉత్తర్వు ఇచ్చింది. రోడ్లు, కాలిబాటలు, వాటి పక్క జాగాలు, ఇతర ప్రజోపయోగ స్థలాల్లో ఇకపై ఏ విగ్రహానికీ, నిర్మాణానికీ రాష్ట్రాలు అనుమతి ఇవ్వకూడదు. వీధి దీపాలు, ట్రాఫిక్ అవసరాలు, సుందరీకరణ వంటి వాటికి మాత్రం మినహాయింపు. దానికి అనుగుణంగా అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2013 ఫిబ్రవరి 18న రోడ్లు, భవనాల శాఖ జీవో 18 ఇచ్చింది. అంతకుముందు 2009 సెప్టెంబరులో వీధుల్లో కొత్తగా మత కట్టడాలు రాకూడదని అదే కేసులో కోర్టు చెప్పింది.

ఆ తర్వాత దిమ్మెలు ఆగాయా అంటే, ఏ మండల కేంద్రంలో దిగినా జవాబు కనబడుతుంది. విగ్రహం పడగొట్టడం కంటే విగ్రహం లేవకుండా చూడటం తేలిక అని పోలీసులకూ తెలుసు. లేచాక అది సిమెంటు కాదు, ఒక వర్గం పరువు. ఎండకు, వానకు పాడవకుండా పైన గొడుగు, చుట్టూ గ్రిల్లు, ఆ గ్రిల్లుకు ఫ్లెక్సీలు. సెంటర్‌లో బస్సు తిరగడానికి ఉన్న జాగా అలా తగ్గుతూ వస్తుంది.

పెద్ద విగ్రహాల కథ వేరు. అమరావతి ఊళ్ళోని 125 అడుగుల ధ్యానబుద్ధుడు తన ప్రాంగణంలో కూర్చున్నాడు, ఎవరి దారికీ అడ్డు కాదు. విజయవాడలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం కూడా 125 అడుగులు, పీఠంతో కలిపి 206. అది నిలిచింది స్వరాజ్య మైదానంలో. పీడబ్ల్యూడీ గ్రౌండ్ అని కూడా పిలిచిన ఆ మైదానంలో సభలు, ఎగ్జిబిషన్లు, రైతు బజారు, ఏటా జనవరిలో పుస్తక మహోత్సవం జరిగేవి. అంబేడ్కర్ స్మృతివనం అయ్యాక అది చూడదగ్గ చోటయింది. పుస్తకాల పందిరి వేరే చోటు వెతుక్కుంది. మైదానానికి, స్మృతివనానికి తేడా ఇదే. మొదటిదాంట్లో ఏం చేయాలో వచ్చినవాళ్ళు తేల్చుకుంటారు. రెండోదాంట్లో అది ముందే తేలి ఉంటుంది.

గోడరాతలు, పోస్టర్లకు 1997 నాటి బహిరంగ స్థలాల వికృతీకరణ నిరోధక చట్టం ఉంది. ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని 2022 ఆగస్టులో ప్రభుత్వం ప్రకటించింది. నవంబరు 1 అని ఒకసారి, తర్వాత 2023 జనవరి 26 అని గడువు మారింది. పుట్టినరోజు ఫ్లెక్సీలు ఏ గడువునూ పట్టించుకున్నట్టు లేదు.

ఊరేగింపు, సభ, శిబిరం

బహిరంగ స్థలం విలువ తెలిసేది జనం గుమికూడినప్పుడే. కార్తీక అమావాస్య నుంచి కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలు ఐదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కో రోజుకూ ఒక పేరు. ఆ ఐదు రోజులూ ఊరి వీధులు పంచాయతీవి కాదు, వీరాచారానివి. శివరాత్రికి నరసరావుపేట చుట్టుపక్కల పల్లెల నుంచి కోటప్పకొండకు ప్రభలు కదిలినప్పుడు, దారిలో కరెంటు తీగలే వాటికి దారివ్వాల్సి వస్తుంది. ప్రజా వీధిలో ఊరేగింపు జరుపుకోవడం హక్కేనని, పోలీసు నియంత్రణకు లోబడి ఉండాలని ప్రీవీ కౌన్సిల్ 1920ల మధ్యలో తేల్చింది. వీధిలో సభ పెట్టడాన్ని నియంత్రించవచ్చు గానీ పూర్తిగా నిషేధించే అధికారం ప్రభుత్వానికి లేదని 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ యాభై ఏళ్ళనాటి తీర్పు ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ పనికొచ్చింది. 2022 డిసెంబరు 28న కందుకూరు సభలో తొక్కిసలాటలో 8 మంది, 2023 జనవరి 1న గుంటూరులో మరో ముగ్గురు చనిపోయారు. జనవరి 2న ప్రభుత్వం జీవో నంబరు 1 తెచ్చింది. జాతీయ, రాష్ట్ర రహదారుల మీదే కాక మునిసిపల్, పంచాయతీ రోడ్ల మీద కూడా అసాధారణ పరిస్థితుల్లో తప్ప సభలకు అనుమతి ఇవ్వవద్దని 1861 నాటి పోలీసు చట్టం ఆధారంగా చెప్పింది. జనవరి 12న హైకోర్టు దాన్ని నిలిపివేసింది, మే 12న కొట్టేసింది. పదకొండు ప్రాణాలు పోయిన సంగతిని ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. ప్రశ్నల్లా, ఇరుకు సందులో సభ పెట్టిన తప్పుకు రోడ్లన్నిటినీ మూయాలా అని.

రాజధానిని తరలించవద్దంటూ రాజధాని పల్లెల్లో 2019 డిసెంబరు నుంచి రైతుల శిబిరాలు రోడ్డు పక్కనే వెలిశాయి. తుళ్ళూరు, మందడం, వెలగపూడి పేర్లు దేశానికి తెలిసింది అప్పుడే. 144వ సెక్షను, పోలీసు చట్టం 30వ సెక్షను అక్కడి ఇళ్ళలో పిల్లలకు కూడా నోటికొచ్చాయి. 2021 నవంబరు 1న తిరుపతికి, 2022 సెప్టెంబరు 12న అరసవల్లికి మొదలైన పాదయాత్రలు రెండూ హైకోర్టు అనుమతితోనే నడిచాయి. రెండోదానికి 600 మందికి మించకూడదని షరతు ఉంది. 

చిరునామా

వీధి పేరు లేకపోయినా ఉత్తరం చేరడానికి మనకు డోర్ నంబరు ఉంది. మునిసిపాలిటీలో వార్డు, బ్లాకు, ఇల్లు అని మూడు అంకెలు గీతలతో కలుస్తాయి. అసలు అవి పన్ను కోసం వేసినవి. పంచాయతీలో ఆ లెక్కను అసెస్‌మెంటు నంబరు చూస్తుంది. తపాలా శాఖ 2025 మేలో డిజిపిన్ తెచ్చింది. దేశమంతా నాలుగు మీటర్ల గళ్ళుగా కోసి, ఒక్కో గడికి పది అక్షరాల గుర్తు ఇచ్చింది. దానికి వీధితోనే పని లేదు. అమరావతిలో ఇల్లు అడిగితే ఇప్పటికీ గుడి ముందు బజారు, ఏటి రేవు, ఫలానావారి ఇంటి పక్క సందు అనే చెబుతారు. 

2025 చివర్లో రెండో విడత భూసమీకరణ కృష్ణ ఎగువకు జరిగి, పల్నాడు జిల్లా అమరావతి మండలంలోని వైకుంఠపురం, పెదమద్దూరు, ఎండ్రాయి, కర్లపూడి గ్రామాలను తాకింది. పొలాలు సమీకరణలోకి పోతాయి, గ్రామకంఠాలు మిగులుతాయి. ఇంటి ముందు వీధి పంచాయతీరాజ్ చట్టం కింద పంచాయతీది. ఊరి చివర చింతచెట్టు దాటాక వచ్చే రోడ్డు సీఆర్డీఏది, దానికి ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. అక్కడ ఇప్పటిదాకా డొంక ఉండేది.